కావలి యెంతవరకు?

కోర్టువారు షరతులమీద విడిచిపెట్టిన మనిషి చేతిలోని ఫోనును ఎవరు చూడవచ్చును? ఎంతవరకు చూడవచ్చును? ఎంతకాలము చూడవచ్చును? ఈ ప్రశ్నలు ఇప్పుడు మన సంఘముల గుమ్మములోనికే వచ్చియున్నవి. ఒకప్పుడు బెయిలుమీద గాని ప్రొబేషనుమీద గాని బయటికి వచ్చినవాడు వారమునకొకసారి స్టేషనుకు వెళ్లి సంతకము పెట్టి వచ్చిన చాలును. ఇప్పుడు ఫోను అప్పగించుము, ఫేస్‌బుక్కు వాడకుము, యూట్యూబులో మాటలాడకుము, నీవెక్కడ ఉన్నావో మ్యాపులో చూపించుము అను షరతులు వచ్చినవి. తరువాత ఇంటివారు సంఘ పెద్దలయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా మాట వినడు, మీరే వాని ఫోను అప్పుడప్పుడు చూచుచుండండి" అని బ్రతిమాలుదురు. పెద్దలు సరే అందురు. ఏమి చూడవలెనో, ఏమి చూడకూడదో వారికి చెప్పువారు లేరు.

మా పూండివారికి ఈ ప్రశ్న దూరపుది కాదు. మా తిరువళ్ళూరు కోర్టులో ఉన్న ఒక కేసే సుప్రీంకోర్టు వరకు వెళ్లి, దేశమంతటికి చట్టము చెప్పు తీర్పునకు కారణమైనది. 2019లో మన దేశపు నేర గణాంకముల సంస్థ, అమెరికాలో తప్పిపోయిన పిల్లల కొరకు పనిచేయు కేంద్రముతో ఒక ఒప్పందము చేసికొన్నది. పిల్లలను చెరచు దృశ్యములు ఇంటర్నెట్టులో కనబడినప్పుడు ఆ సమాచారము మన పోలీసులకు చేరును. 2020లో అటువంటి సమాచారము మీదనే అంబత్తూరు మహిళా పోలీసు స్టేషనులో ఒక యువకునిమీద కేసు నమోదైనది. అతని ఫోనును పరీక్షించగా అందులో పిల్లలకు సంబంధించిన రెండు వీడియోలు దొరికినవి. కేసు తిరువళ్ళూరు మహిళా కోర్టుకు వచ్చినది. 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు, ఒంటరిగా చూచుకొన్నంత మాత్రమున నేరము కాదని ఆ కేసును కొట్టివేసినది. ఈ తరము పిల్లలకు ఈ చూపు వ్యసనమైపోయినదనియు, దండించుటకంటె బుద్ధిచెప్పి దారికి తెచ్చునంత పరిపక్వత సమాజమునకు ఉండవలెననియు న్యాయమూర్తి వ్రాసినారు. అదే సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసి, విచారణ తిరిగి జరుగవలెనని పంపినది. ఇది అతడు దోషి యని చెప్పిన తీర్పు కాదు. అటువంటి దానిని ఫోనులో ఉంచుకొనుట, తెలిసి చూచుట చిన్న సంగతి కాదని చెప్పిన తీర్పు.

మేము సుప్రీంకోర్టు పక్షమే. ఆ తెరమీద కదలుచున్నది బొమ్మ కాదు, ఒకరి బిడ్డ. ఆ బిడ్డకు జరిగిన కీడు ఒక్కనాటితో ముగియలేదు. ఆ దృశ్యము చేతులు మారినంత కాలము అది జరుగుచునే యుండును. చూచువాడు లేనియెడల తీయువాడు ఉండడు. అందుచేత ఇటువంటి నేరమునకు శిక్షపడి, జైలునుండియో బాండుమీదనో ఇంటికి వచ్చిన మనిషి చేతిలో ఫోను పెట్టి, "ఇక నీ ఇష్టము, నీ స్వేచ్ఛ" అని ప్రక్కకు తప్పుకొనువారితో మేము ఏకీభవింపము. కావలి ఉండవలెను. అయితే కావలి కాయవలసినది ఆ కీడునా, ఆ మనిషినా? ఈ రెండును ఒకటే యనుకొనుటలోనే చిక్కంతయు ఉన్నది.

ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నప్పుడు పరీక్షల హాలులో కావలి యుండు విధానము మాకు నేర్పినారు. పిల్లవాని చేతిని, బల్లను, కాగితమును చూడుము. చీటీ కనబడిన తీసికొనుము. గాని వాని సంచిలో తల్లి వ్రాసిన ఉత్తరమున్న అది చదువుట నీ పని కాదు. చదివి తరగతిలో చెప్పుట అంతకన్నను కాదు. ఇది మర్యాద మాత్రమే కాదు. ఉత్తరములు చదువు ఉపాధ్యాయుడు హాలులో ఉన్న దినమున చీటీలు తగ్గవు, దాచుటలో పిల్లలు నేర్పరులగుదురు. ముప్పది సంవత్సరములకు పైగా బడిలో ఉన్నవారము గనుక ఈ మాట గట్టిగానే చెప్పుచున్నాము.

ఇప్పుడు ఫోను సంగతి చూడుడి. పట్టణమందు ఒక్కొక్కరికి రెండేసి ఫోనులు ఉండవచ్చును. మా పూండి చుట్టుప్రక్కల గ్రామములలో ఒక ఇంటికి ఒకటే మంచి ఫోను. అది తండ్రి పేరున ఉండును గాని ఉదయము గ్యాసు బుక్కుచేయునది తల్లి, మధ్యాహ్నము మహిళా సంఘపు అప్పు వాయిదాల సమాచారము చూచునది ఆమెయే, సాయంత్రము బడినుండి వాట్సాపులో వచ్చిన ఇంటిపాఠము చూచునది కూతురు. బ్యాంకునుండి వచ్చు ఓ.టి.పి. దానికే, ఆసుపత్రి చీటి దానిలోనే, కువైటులో ఉన్న మేనమామ మాటలాడునది దానిమీదనే. అటువంటి ఫోనును ఒకని తప్పునకై పూర్తిగా లాగికొన్నయెడల శిక్ష ఇంటిల్లిపాదికి పడును. లాగికొనక, అందులో పోవు ప్రతి అక్షరమును వ్రాసిపెట్టు కావలి ప్రోగ్రామును ఎక్కించినయెడల, తల్లి తన చెల్లెలికి చెప్పుకొన్న దుఃఖము, కూతురు స్నేహితురాలికి పంపిన మాట, ఏ నేరమును చేయని వారందరి సంగతులును ఒక అధికారి బల్లమీదికి చేరును. వారు ఏ బాండుమీదను సంతకము చేయలేదు.

ఇంత విస్తారముగా ఎందుకు చెప్పుచున్నామనగా, పాత కాలపు కావలి మనిషి దేహమును చూచెడిది. వాడు ఊరిలో ఉన్నాడా లేడా, రాత్రి ఇంట పండుకొన్నాడా లేదా, అంతమట్టుకే. ఫోనుమీద కావలి మనిషి తలంపులను చూచును. ఏమి వెదకినాడు, ఏ రోగమునకు మందు అడిగినాడు, ఎవరికి ఏమి ఒప్పుకొన్నాడు, రాత్రి రెండు గంటలకు ఏ కీర్తన విన్నాడు, అన్నియు. 2004లో న్యూయార్కులోని అమెరికా ఫెడరలు అప్పీలు కోర్టు ఈ భేదమునే గుర్తించినది. ప్రొబేషనులో ఉన్నవాని మూత్రమును పరీక్షించి మత్తుమందు ఉన్నదా లేదా అని చూచుట ఒక ఎత్తు, వాని కంప్యూటరులో సమస్తమును చూచుట వాని డైరీ చదువుట వంటిది, ఇది మరియొక ఎత్తు అను అర్థమిచ్చునట్లు ఆ న్యాయమూర్తులు వ్రాసినారు. వారు కావలినే కొట్టివేయలేదు. పిల్లల దృశ్యముల కేసే అది. కావలి ఎంత వెడల్పున ఉన్నదో తిరిగి చూడుడని క్రింది కోర్టుకు పంపినారు.

మా ఊరి దృష్టాంతమొకటి చెప్పెదము. కృష్ణా జలము కండలేరునుండి కాలువలో మా పూండి జలాశయమునకు వచ్చుట 1996లో ఆరంభమైనది. ఆంధ్రవారు ఎంత విడిచినారు, తమిళనాడుకు ఎంత చేరినది అనుదానికి సరిహద్దున, ఊత్తుకోట దగ్గర, జీరో పాయింటు వద్ద కొలత యున్నది. రెండు రాష్ట్రములవారికిని ఆ కొలత తెలియును. ఆ కొలత కొరకు కాలువ పొడుగునా ఉన్న ప్రతి ఇంటి కుండ మూత తీసి చూడరు.

ఇక మనము మరచిపోదలచిన సంగతికి వచ్చుచున్నాము. నెల్లూరు, ఒంగోలు, కావలి ప్రాంతములనుండి వచ్చి మద్రాసులోను తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములలోను స్థిరపడిన మన కుటుంబములలో "కావలి" యనగా ఊరి పేరు. ఆ ఊరిలోనే మరియొక కావలి యుండెను. 1871లో తెల్లదొరల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము అను నొకదానిని చేసినది. 1911లో దానిని మార్చి మద్రాసు రాజధానికిని వర్తింపజేసినది. ఒక మనిషి ఏమి చేసినాడను దానినిబట్టి కాక, ఏ కులమున పుట్టినాడను దానినిబట్టి నేరస్థుడని పట్టీలో వ్రాయుట ఆ చట్టపు పద్ధతి. పేరు నమోదు, వ్రేలిముద్రలు, నియమించిన వేళకు వచ్చి హాజరు పలుకుట, ఊరు దాటవలెనన్న చీటి. ఎరుకలవారిని ఇట్లు పట్టీలకెక్కించి కొన్ని సెటిల్మెంటులలో ఉంచినారు. బాపట్లకు సమీపమున స్టూవర్టుపురమును సాల్వేషను ఆర్మీవారికి అప్పగించినారు. కావలి, బిట్రగుంట ప్రాంతములలోని సెటిల్మెంటును మన అమెరికను బాప్టిస్టు మిషనుకు అప్పగించినారు. శామ్యూల్ బాడెన్ దొరగారు దానిని నడిపినారు.

ఈ సంగతిని మన చరిత్ర పుస్తకములు దయాకార్యముగా చెప్పును. అందులో అబద్ధము లేదు. పని చూపినారు, పిల్లలకు బడి పెట్టినారు, పోలీసువాని లాఠీకంటె మిషనెరీ చేయి మెత్తనిదే. అయితే ఆ బడికి వచ్చిన చిన్నపిల్ల ఏ నేరము చేసినది? రాత్రి హాజరు పిలుచునది మంచి మనసుగల దొరగారైనను, పిలిపించుకొనువానికి అది హాజరే. ఆ కావలికి నాలుగు లోపములు ఉన్నవి. ఒక ఫలానా తప్పునకై కాదు, పుట్టుకకై పెట్టినది. బ్రతుకంతటిని ఆవరించినది. దానికి ముగింపు తేదీ లేదు. పెట్టినవాడు ఎవరికిని లెక్క చెప్పనక్కరలేదు. మద్రాసు రాజధానిలో 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31న ఆ చట్టమును తీసివేసినారు. తీసివేసినను పోలీసు స్టేషను పుస్తకములలో, ఊరివారి నోళ్లలో ఆ ముద్ర చాలకాలము నిలిచినది. 2024లో కూడ సుప్రీంకోర్టు రెండు వేరువేరు తీర్పులలో, వెనుకబడిన కులములవారి పేరున, విముక్త జాతులవారి పేరున పోలీసు పట్టీలు యాంత్రికముగా తెరువరాదనియు, జైలు నియమములలో వారిని పుట్టునేరస్థులుగా చూడరాదనియు చెప్పవలసి వచ్చినది. డెబ్బది రెండు సంవత్సరముల తరువాత!

మంచి మనసుతో పెట్టిన కావలి గూర్చి మేము ఇంత గట్టిగా మాటలాడుటకు కారణము ఇదియే. ఈనాడు మన సంఘ పెద్దలు ఒక యౌవనుని ఫోను చూచుటకు ఒప్పుకొనుచున్నది కూడ మంచి మనసుతోనే.

మన భాష మాటలాడు ఒక న్యాయమూర్తి ఈ విషయమును అందరికంటె ముందుగా చూచినాడని చెప్పుకొనుట మనకు గౌరవము. ఉత్తరప్రదేశములో ఖరక్ సింగు అను నతనిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టి, సాక్ష్యము లేదని విడిచిపెట్టినారు. విడిచిపెట్టియు అతని పేరున పోలీసు పట్టీ తెరచినారు. రాత్రివేళ కానిస్టేబులు, కావలివాడు వచ్చి తలుపు తట్టి లేపి ఉన్నాడా లేడా అని చూచెడివారు. అతడు సుప్రీంకోర్టుకు వెళ్లినాడు. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పినారు. రాత్రి తలుపు తట్టుట తప్పేనని అందరును ఒప్పుకొన్నారు గాని, వెనువెంట తిరిగి కనిపెట్టుట తప్పు కాదనియు, ఏకాంతము అను హక్కు రాజ్యాంగములో లేదనియు ఎక్కువమంది అన్నారు. రాజమహేంద్రవరము వాడైన కోకా సుబ్బారావుగారు, మరియొక న్యాయమూర్తి షా గారు ఒప్పుకొనలేదు. ఎల్లప్పుడు ఎవరో చూచుచున్నారని యెరిగి బ్రతుకువాడు స్వేచ్ఛగా బ్రతుకుచున్నట్లు కాదనియు, ఏకాంతము వ్యక్తిస్వేచ్ఛలో భాగమే యనియు సుబ్బారావుగారు వాదించినారు. ఆయన మాట అల్పసంఖ్య మాటగా యాభై అయిదు సంవత్సరములు పుస్తకములో ఉండిపోయినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతము ప్రాథమిక హక్కని చెప్పినప్పుడు ఆయన మాటయే నిలిచినది. ఆయన అంతకు నలుబది యేండ్లకు పూర్వమే గతించినారు.

అట్లని నేరము చేసినవానికిని చేయనివానికిని హక్కు సమానమే యని ఎవరును చెప్పలేదు. బాండుమీద బయటికి వచ్చినవాడు కొంత వదలుకొని వచ్చినాడు. "వాడు సంతకము పెట్టినాడు గదా, ఇంక అడుగుటకేమున్నది" అని కొందరు పెద్దలు అందురు. ఒక చేతిలో జైలు తాళము, మరియొక చేతిలో కలము చూపించి పెట్టించిన సంతకమది. అది చెల్లును గాని దానిలో వ్రాసినంతవరకే చెల్లును. వ్రాయనిదానికి అది సమ్మతి కాదు.

ఎంత వ్రాయవచ్చునో తెలిసికొనుటకు క్రొత్త సిద్ధాంతములు అక్కరలేదు. 1958లో మన పార్లమెంటు చేసిన ప్రొబేషను చట్టము నాలుగవ సెక్షను చదివిన చాలును. కంప్యూటరు అను మాట దేశములో నూటికి ఒక్కరు ఎరుగని దినములవి. నివాసము, మద్యపానము, మరి ఏ ఇతర విషయమైనను కోర్టు షరతుగా పెట్టవచ్చునని అందులో ఉన్నది. ఆ "ఇతర విషయము"లో నేటి ఫోను వచ్చి కూర్చుండును. గాని ఎందునిమిత్తము? అదే నేరము తిరిగి జరుగకుండుటకు. బాండు ఎంతకాలము? మూడేండ్లకు మించరాదు. షరతులను ఆ మనిషికి కోర్టు వివరించి చెప్పవలెను, ప్రతి యొకటి చేతికీయవలెను. చూచుటకు నియమించిన అధికారి ఎవరో వానికి తెలియును. కావలి సెటిల్మెంటులో లేనివన్నియు ఇక్కడ ఉన్నవి: ఫలానా తప్పు, ముగింపు తేదీ, ఎదుట చెప్పిన మాట, లెక్క చెప్పవలసిన అధికారి.

ఈ కొలతతో చూచినయెడల ఏది తగునో ఏది తగదో చాలవరకు తెలిసిపోవును. పిల్లల దృశ్యముల నేరమునకు శిక్షపడినవాడు ఇంటిలో ఫోను తలుపులు మూసికొని వాడరాదు, పిల్లలు చేరు ఆటల గుంపులలో చేరరాదు, అటువంటి దృశ్యములను గుర్తుపట్టి హెచ్చరించు ప్రోగ్రాము ఫోనులో ఉండవలెను, అధికారి అడిగిన వేళ చూపవలెను. ఇవి తగును. బ్యాంకు మోసము చేసినవానికి ఇతరుల ఖాతాలు తాకరాదను షరతు తగును, వాని భార్య ఉత్తరములు చదువుట తగదు. ప్రభుత్వమును విమర్శించినాడని పట్టుబడినవానిని ఇక ఏమియు వ్రాయకుమనుట బొత్తిగా తగదు. 2022లో ఒక పత్రికావిలేఖరికి బెయిలిచ్చుచు, అతడు ట్విట్టరులో వ్రాయకూడదని షరతు పెట్టుడని ప్రభుత్వ న్యాయవాది అడిగినప్పుడు, లాయరును వాదింపవద్దని చెప్పినట్లున్నదని సుప్రీంకోర్టు కాదన్నది.

2024 జూలైలో వచ్చిన మరియొక తీర్పు మరింత స్పష్టము. మత్తుమందుల కేసులో బెయిలు పొందిన ఒక విదేశీయుడు గూగులు మ్యాపులో తానున్న చోటు గుర్తుపెట్టి అధికారికి తెలియునట్లు ఉంచవలెనని ఢిల్లీలో షరతు పెట్టినారు. బెయిలుమీద ఉన్నవాని ప్రతి కదలికను పోలీసులు నిత్యము కనిపెట్టి, వాని సొంత బ్రతుకులోనికి తొంగిచూచుటకు వీలిచ్చు షరతు చెల్లదని సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఇందులో నవ్వు పుట్టించు సంగతి కూడ ఉన్నది. ఆ గుర్తు పెట్టుట వలన మనిషి కదలికలు వెంటవెంటనే తెలియవని గూగులువారే కోర్టుకు విన్నవించినారు. ఆ యంత్రము ఏమి చేయునో తెలియకయే షరతు వ్రాసినారన్నమాట. యంత్రమును ఎరుగనివారు యంత్రముమీద పెట్టు నమ్మకము ఒకప్పుడు భయము పుట్టించును.

అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడ ఇటువంటి కావలి చాలకాలముగా ఉన్నదని చెప్పుదురు. నిజమే. కంప్యూటరు తెరను అప్పుడప్పుడు ఫొటో తీసి అధికారికి పంపు ప్రోగ్రాములు అక్కడ ఎరిగినవే. అక్కడి ఒక సంగతి మన పాఠకులకు తెలియవలెను. నార్తు కరోలినాలో 2002లో ఒక యువకునికి చిన్నపిల్ల విషయమై శిక్షపడినది. తరువాత ఆ రాష్ట్రము 2008లో, అటువంటి పట్టీలో ఉన్నవారెవరును ఫేస్‌బుక్కు వంటివాటిలో ప్రవేశించుటయే నేరమని చట్టము చేసినది. 2010లో అతనిమీద ఉన్న ఒక ట్రాఫిక్కు కేసును కోర్టు కొట్టివేయగా, సంతోషము పట్టలేక దేవునికిని యేసుకును స్తోత్రము చెప్పుచు ఫేస్‌బుక్కులో వ్రాసినాడు. ఆ స్తోత్రమే నేరమై మరల శిక్ష పడినది. 2017 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఒక్క న్యాయమూర్తియు కాదనకుండ ఆ చట్టమును కొట్టివేసినది. పిల్లలను వెదకి మాటలాడుటను నిషేధింపవచ్చును, లోకమంతయు మాటలాడుకొను సంతవీధిలోనికే రాకూడదనుట మితిమీరినదని దాని భావము. అతని శిక్షాకాలము ముగిసిపోయి కూడ ఆ నిషేధము అట్లే ఉండుట కలవరపెట్టు సంగతియని కూడ వ్రాసినారు. అతడు మొదట చేసిన తప్పు ఘోరమైనదే. దానిని మేము తగ్గించి చెప్పుట లేదు.

"ఇంత కొలిచి పెట్టిన కావలిని తెలివిగలవాడు తప్పించుకొనును గదా, రెండవ సిమ్ము కొనుట ఎంత పని?" అని అడుగుదురు. తప్పించుకొనును. సమస్తమును చూచు కావలిని కూడ రెండవ ఫోనుతో తప్పించుకొనును. ఈ విషయములో రెండు కావలులును సమానమే. భేదమెక్కడనగా, కొలతగల కావలిలో ఉన్నవానికి నిజము చెప్పుటకు ఒక చోటు మిగులును. శోధన వచ్చిన రాత్రి అతడు ఎవరికైనను ఫోను చేసి, "నాకు కష్టముగా ఉన్నది" అని చెప్పగలడు. ప్రతి మాటయు నమోదగుచున్నదని ఎరిగినవాడు ఆ మాట ఎవరికిని చెప్పడు. ఇది మాకు పుస్తకములవలన కాక బడివలన తెలిసినది.

ఇక సంఘ పెద్దల సంగతి. మనము పోలీసులము కాము, ప్రొబేషను అధికారులము కాము. కోర్టు మనకు అధికారమీయలేదు. కాబట్టి ఆ మనిషి ఒప్పుకొనకుండ వాని ఫోను చూచుటకు మనకు హక్కు లేదు. తల్లి ఇచ్చినను, భార్య నిద్రలో తీసి తెచ్చి ఇచ్చినను లేదు. ఒప్పుకొన్నయెడల ఏమి చూతుమో, ఎంతకాలము చూతుమో, ఎవరు చూతురో ముందే కూర్చుండి మాటలాడుకొనవలెను. ఒకరిద్దరికంటె ఎక్కువమంది చూడకూడదు. చూచినది కమిటీలో చర్చకు రాకూడదు, ప్రార్థన విన్నపముగా మారి స్త్రీల సమాజములోనికి వెళ్లకూడదు. మన సంఘములలో ప్రార్థన విన్నపము పేరిట ఎన్ని సంగతులు ఊరు దాటునో చదువరులకు తెలియును!

అయితే మొదటనే వానితో చెప్పవలసినది ఒకటి యున్నది. దీనిని మెత్తబరచి చెప్పకూడదు. 2012 నాటి పోక్సో చట్టము పందొమ్మిదవ సెక్షను ప్రకారము, పిల్లలమీద నేరము జరిగినదని గాని జరుగునట్లున్నదని గాని తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలియజేయవలెను. తెలియజేయక దాచినవానికి శిక్ష కలదు. పాస్టరుగారికి మినహాయింపు లేదు, పెద్దలకు లేదు. "నీవు నాతో చెప్పినది నాలోనే ఉండును" అని వాగ్దానము చేసి, తరువాత పోలీసులయొద్దకు వెళ్లుట మోసము. వాగ్దానము చేసి, దానికై బిడ్డకు జరిగినదానిని దాచుట అంతకంటె ఘోరము. ఎదుట కూర్చుండబెట్టి, "నీ బలహీనత మాతో చెప్పుకొనుము, అది మాలో ఉండును. బిడ్డ విషయము కనబడినయెడల ఆ దినమే స్టేషనుకు వెళ్లుదుము" అని చెప్పిన తరువాతనే ఫోను చేతిలోనికి తీసికొనవలెను. సంఘము పేరు చెడునని, పెద్ద కుటుంబమని, అమ్మాయికి పెండ్లి కావలసియున్నదని కప్పిపెట్టిన సంగతులు ఏ ప్రాంతమునను లేకపోలేదు. కొలతగల కావలి అను మాటను అటువంటి కప్పిపుచ్చుటకు ఎవరైనను ఆధారముగా తెచ్చుకొందురేమోనని ఇంత విడమరచి వ్రాయుచున్నాము.

అటువంటి దృశ్యము కనబడినప్పుడు దానిని సాక్ష్యమని తమ ఫోనులోనికి ఎక్కించుకొనుట, మరియొక పెద్దకు పంపి "చూచితిరా" అనుట బొత్తిగా కూడదు. అది ఐ.టి. చట్టము ప్రకారము పంపినవానికే నేరమగును. ఆ ఫోనును అట్లే ఉంచి పోలీసులకు అప్పగించుటయే.

బాండు కాలము ముగిసిన దినమున మన చూపును ముగియవలెను. ముగిసినదని వానితో నోటితో చెప్పవలెను. మూడేండ్లు చూచి చూచి అలవాటైన కన్ను తనంతట తాను మూసికొనదు. కానుక పళ్లెము ఎవరికిచ్చినారో, పిల్లల తరగతి గదివైపు ఎందుకు నడచినాడో చూచుచునే యుండును. పిల్లల తరగతికి వానిని దూరముగా ఉంచుట వేరు సంగతి. అది పిల్లల నిమిత్తము సంఘము చేసికొనిన నియమము, అందరికిని తెలిసిన నియమము, తేదీతో పనిలేనిది. వాని ఫోను మాత్రము ఇక వానిదే.

షరతు మితిమీరినదిగా కనబడినప్పుడు, అనగా ఇంటిల్లిపాదికి ఉన్న ఒక్క ఫోనును తీసికొన్నప్పుడు గాని, పనిచేసి బ్రతుకుటకు ఆధారమైన ఇంటర్నెట్టును పూర్తిగా మూసినప్పుడు గాని, దానిని రహస్యముగా మీరుట మార్గము కాదు. మీరిన దినమే బెయిలు పోవును. ఆ షరతు పెట్టిన కోర్టునే మార్చుమని అడుగవచ్చును. లాయరుకు ఇచ్చుకొనలేనివారి కొరకు 1987 నాటి చట్టము క్రింద ప్రతి జిల్లాలోను న్యాయ సేవల సంస్థ కలదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, నిర్బంధములో ఉన్నవారికి, ఆదాయము తక్కువగలవారికి అక్కడ లాయరును ఉచితముగా ఇత్తురు. మా జిల్లావారు తిరువళ్ళూరు కోర్టులో అడుగవలెను. వెళ్లునప్పుడు బెయిలు ఉత్తర్వు లేక బాండు ప్రతి, ఆధారు కార్డు, ఫోను ఇంటిలో ఎవరెవరు దేనికి వాడుచున్నారో వ్రాసిన కాగితము ఒకటి వెంట తీసికొనిపోవుట మేలు. వానితో కూడ సంఘ పెద్దలలో ఒకరు వెళ్లి బల్లమీద కూర్చుండినయెడల ఆ దినపు కూలి పోవును, అంతే.